ఉద్ధరిణెడు నీరు

నీరు త్రాగుట ఒకరు మరియొకరికి నేర్పవలసిన విద్య కాదని లోకము అనుకొనును. శిశువు పుట్టిన గడియలోనే చప్పరించుట ఎరుగును. నడక నేర్పవలెను, మాట నేర్పవలెను, అక్షరము నేర్పవలెను. దాహమైనప్పుడు గ్లాసెత్తి గటగట త్రాగుటకు మాత్రము గురువు అక్కరలేదు. కాని పెరిగి, చదివి, ఉద్యోగము చేయుచున్న వయస్సులో నీరు త్రాగుటను మరల ఓనమాలనుండి నేర్చుకొనవలసినవారు కొందరు నేడు మన నడుమ ఉన్నారు. వారు స్థూలకాయమును తగ్గించుకొనుటకై జీర్ణాశయమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు.

ఆ చికిత్సను గూర్చి మాట వచ్చినప్పుడు ఎంత బరువు తగ్గినది, ఏమి తినవచ్చును, ఎంత తినవచ్చును అనియే అందరును అడుగుదురు. మొదటి వారములలో రోగిని ఎక్కువగా బాధించునది అన్నము కాదు, నీరు. ఆకలి చాలవరకు అణగియుండును, దాహము అణగదు. ఎదుట నీరున్నది, గొంతులో దాహమున్నది, లోపలి దారి మాత్రము ఇరుకైనది. ఆ ఇరుకు దారిలో నీటిని సుఖముగా నడిపింపగల ఉపాయము తొందరపడకుండుట. అందులకు కావలసిన వ్యవధిని రోగి తనకు తాను ఇచ్చుకొనవలెను. చుట్టునున్నవారును అతనికి ఈయవలెను. వ్యవధి అన్నిటికంటె అరుదైన చోట ఈ చికిత్స అవసరము పెరుగుచుండుటయే ఇందలి చిక్కు.

చెరువు ప్రక్క నగరము

హైదరాబాదునకు పడమట, మాదాపూరు కొండరాళ్ళ నడుమ దుర్గం చెరువు కలదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటలోనివారికి త్రాగునీరు అందించిన చెరువది. దానికి కొద్ది దూరమున 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. అటుపిమ్మట హైటెక్ సిటీ అను పేర ఆ ప్రాంతము పెరిగి, మాదాపూరు, కొండాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా సైబరాబాదు అయినది. 2019లో మెట్రో రైలు వచ్చినది. 2020లో చెరువు మీద తీగల వంతెన వెలసినది. నేడు ఆ ప్రాంతమునకు త్రాగునీరు చెరువునుండి గాక కృష్ణా, మంజీర, గోదావరులనుండి ఎంతో దూరము ప్రయాణము చేసి వచ్చుచున్నది. నగరమునకు నీరు తెచ్చుట ఒక విద్య; తెచ్చిన నీటిని శరీరములోనికి దించుకొనుట ఇంకొక విద్య. మొదటిదానిని ఇంజనీర్లు సాధించిరి. రెండవది ఎవరికి వారు సాధించవలసినది.

ఆ భవనములలో పనిచేయువారి శరీరస్థితి ఎట్లున్నదో తెలుపు పరిశోధన ఒకటి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ అను పత్రికలో వెలువడినది. గచ్చిబౌలిలోనే యున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును, ఏఐజీ ఆసుపత్రి వైద్యులును కలిసి చేసిన పరిశోధన యది. సమాచార సాంకేతికరంగపు ఉద్యోగులు 345 మందిని పరీక్షింపగా నూటికి 84 మంది కాలేయములో క్రొవ్వు పేరుకొని యుండెను. నూటికి 71 మంది స్థూలకాయులుగా తేలిరి. గంటల తరబడి కదలక కూర్చుండుట, రాత్రి మేల్కొనుట, మనసుపై ఒత్తిడి, వేళ తప్పిన భోజనము ఇట్టి స్థితికి దారి తీయునవి.

వీరందరికిని కత్తి అవసరమని భావింపరాదు. ఆహారనియమము, వ్యాయామము, మందులు ముందు వరుసలో ఉన్నవి. బరువును కిలోలలో తీసుకొని, దానిని మీటర్లలోని ఎత్తుయొక్క వర్గముచేత భాగించినచో శరీర ద్రవ్యరాశి సూచిక వచ్చునని విద్యార్థు లెరుగుదురు. ఈ చికిత్సను ఎవరికి సూచింపవచ్చునో తెలుపుచు అంతర్జాతీయ వైద్యసంఘములు 2022లో ప్రకటించిన మార్గదర్శకములు సామాన్యముగా ఆ సూచిక 35 గాని అంతకు మించి గాని యున్నవారిని పేర్కొన్నవి. ఆసియావాసులకు తక్కువ బరువులోనే మధుమేహాది వ్యాధులు వచ్చుచుండుటచేత వారి విషయమున ఆ సంఖ్యను 27.5కు దించినవి. 1.70 మీటర్ల ఎత్తుగల మనిషికి మొదటి సంఖ్య సుమారు 101 కిలోలకును, రెండవది సుమారు 80 కిలోలకును సరిపోవును. ఎవరికి తగునో, ఎవరికి తగదో తేల్చవలసినవాడు వైద్యుడే.

అతిథి మర్యాద యెరిగిన పొట్ట

శస్త్రచికిత్స తరువాత నీరు ఎందుకు కష్టమగునో తెలియవలెనన్న, దానికి పూర్వము ఎందుకు సులభముగా నుండెనో ముందు తెలియవలెను. జీర్ణాశయము ఒట్టి తోలుసంచి కాదు. అది లీటరునుండి లీటరున్నర వరకు పట్టగల కండరముల సంచి. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి తుపాకిదెబ్బ తగిలి, గాయము మానినను పొట్టలోనికి ఒక రంధ్రము నిలిచిపోయినది. అతనికి చికిత్స చేసిన విలియం బోమాంట్ అను వైద్యుడు ఆ రంధ్రముగుండ ఏండ్ల తరబడి జీర్ణక్రియను పరిశీలించి 1833లో గ్రంథము ప్రకటించెను. అన్నము పొట్టలో చాలసేపు నిలిచి అరుగును గాని, నీరు జీర్ణరసముతో నిమిత్తము లేక త్వరగా దిగిపోవునని అతడు గమనించెను.

1911లో వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడు మరియొక రహస్యము బయటపెట్టెను. గుటక పడినంతనే, లోనికి వచ్చుదానికి చోటు కల్పించుటకై జీర్ణాశయపు పైభాగము సడలును. అతిథి గుమ్మము దాటకముందే చాప పరచు గృహస్థువలె పొట్ట ముందుగానే సిద్ధమగును. కావుననే ఎండనుండి వచ్చిన మనిషి చెంబెడు నీరు ఒక్క ఊపున త్రాగినను లోపల ఒత్తిడి పెరుగదు. హాయి మాత్రము కలుగును.

శస్త్రచికిత్సలో తొలగిపోవునది ప్రధానముగా ఆ పైభాగమే.

కత్తి చేసిన మార్పు

1881లో వియన్నా నగరమున థియొడోర్ బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు రాచపుండు పట్టిన జీర్ణాశయపు భాగమును కోసి తీసి రోగిని బ్రతికించెను. జీర్ణాశయములో కొంత లేకున్నను మనిషి బ్రతుకగలడని అది ఋజువు చేసినది. జీర్ణాశయములో కొంతభాగము పోయినవారు మరల బరువు పెరుగుట లేదని వైద్యులు తరువాత చూచిరి. ఆ గమనిక ఆధారముగా 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్, తన సహచరుడు చికాషి ఇటోతో కలిసి, బరువు తగ్గించుటకే బైపాస్ అను పద్ధతిని ఆరంభించెను. అందులో జీర్ణాశయపు కొసను చిన్న సంచిగా వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుతో కలుపుదురు. ఆ సంచి నేడు సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా కోడిగ్రుడ్డు కంటె చిన్నది.

స్లీవ్ అను రెండవ పద్ధతి 2000 సంవత్సరము తరువాత ప్రచారములోనికి వచ్చి, నేడు ప్రపంచమున అన్నిటికంటె ఎక్కువగా జరుగుచున్నది. జీర్ణాశయమును నిలువుగా కోసి ముప్పాతిక భాగమునకు పైగా తీసివేయుదురు. మిగిలినది చొక్కాచేతివలె సన్నని గొట్టము. పట్టునది సుమారు 100 నుండి 150 మిల్లీలీటర్లు. తీసివేసిన భాగములోనే ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను ఎక్కువగా ఊరును. దానిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆకలి అణగుటకు అదియు ఒక కారణము.

ఆకలి పోయినందులకు సంతోషమే. కాని చాప పరచు గృహస్థు కూడ దానితోపాటు పోయినాడు. కొత్త గొట్టము సడలదు. మొదటి వారములలో కోత వెంబడి వాపు కూడ ఉండి దారి ఇంకను ఇరుకగును. పాత అలవాటున ఒక్క గ్రుక్క పెద్దదిగా మ్రింగినచో నీరు దిగుటకు తావు లేక లోపల ఒత్తిడి పెరుగును. రొమ్ము వెనుక బిగబట్టినట్లగును, వికారము పుట్టును, నురుగువంటి లాలాజలము పైకి వచ్చును. ఒకసారి ఇట్లు జరిగినవాడు నీటిని చూచి జంకును. జంకి త్రాగుట తగ్గించును. తగ్గించినకొలది నీరసము, వికారము హెచ్చును. వికారము హెచ్చినకొలది త్రాగబుద్ధి పుట్టదు. ఈ విషవలయమును తెంపుటయే సుఖముగా త్రాగుటలోని మొదటి పాఠము.

ఉద్ధరిణి లెక్క

సామాన్యముగా వైద్యులు దినమునకు లీటరున్నరనుండి రెండు లీటర్ల ద్రవము లోనికి పోవలెనందురు. ఇరుకు గొట్టములో ఇంత నీరు ఎట్లు పోవునని రోగి భయపడును. అంకగణితము ఆ భయమును తీర్చగలదు. మేల్కొనియుండు కాలము పదునైదు గంటలనుకొనుడు. 1500 మిల్లీలీటర్లను 15 చేత భాగించిన గంటకు 100 మిల్లీలీటర్లు. గుటకకు 15 మిల్లీలీటర్లు, అనగా పెద్ద చెంచాడు, అనుకొన్నచో గంటకు ఏడు గుటకలు. సుమారు తొమ్మిది నిమిషముల కొక గుటక. చెంబు లెక్కలో అసాధ్యమైనది చెంచా లెక్కలో సాధ్యమైనది. ఆసుపత్రులలో మొదటి దినములందు మందు కొలుచు చిన్న గిన్నెలో 30 మిల్లీలీటర్లు పోసి, పావుగంట సేపు త్రాగుమని చెప్పుట ఈ లెక్క ప్రకారమే.

తెలుగు ఇండ్లలో ఈ కొలత కొత్తది కాదు. ఆచమనమునకు పట్టు నీరు మినపగింజ మునుగునంత యుండవలెనని పెద్దలు చెప్పుదురు. దానిని పోయుటకు ఉద్ధరిణి కలదు. సముద్రమును ఒక్క గ్రుక్కలో ఆపోశన పట్టిన అగస్త్యుని కథకూడ మన ఇండ్లలో చెప్పుకొనునదే. శస్త్రచికిత్స పొందినవాడు అగస్త్యుని మరచి ఉద్ధరిణిని జ్ఞాపకముంచుకొనవలెను.

విడువవలసిన మన అలవాటు ఒకటి యున్నది. ఎంగిలి కాకుండ చెంబును పైకెత్తి నోటిలోనికి ధారగా పోసుకొనుట మనకు శుచి. ధారతోపాటు గాలియు లోనికి పోవును. గుటకకు గుటకకు ఎడము ఉండదు. కొత్త పొట్టకు అది సరిపడదు. తన గ్లాసు తనకే ఉంచుకొని పెదవి ఆనించి చప్పరించుట మేలు. గడ్డిగొట్టముతో పీల్చినను గాలి పోవునని పలువురు వైద్యులు వారింతురు. నీటి వేడిమి విషయములో ఒకే నియమము లేదు. కొందరికి గోరువెచ్చనిది దిగును, కొందరికి చల్లనిది దిగును. వట్టి నీరు పొట్టలో బరువుగా తోచువారు అందులో నిమ్మచుక్క గాని, కాచి చల్లార్చిన జీలకర్ర నీరు గాని కలిపి చూచుకొందురు.

భోజనము, పానము

రెండవ పాఠము భోజనసమయమున నీరు త్రాగకుండుట. పొట్టలో రెండు పాళ్ళు అన్నమునకు, ఒక పాలు నీటికి, ఒక పాలు గాలి మెదలుటకు విడువవలెనని వాగ్భటుని అష్టాంగహృదయము విధించుచున్నది. ఆ పంపకము పూర్ణమైన పొట్టకు చెల్లును. 100 మిల్లీలీటర్ల గొట్టమును నాలుగు పాళ్ళు చేసినచో ఏ పాలును దేనికిని చాలదు. అందుచేత చోటును పంచుటకు బదులు కాలమును పంచుదురు: అన్నము వేళ అన్నము, నీటి వేళ నీరు. భోజనమునకు పావుగంట, అరగంట ముందు నీరు ఆపి, భోజనమైన అరగంట పిదప మరల మొదలిడవలెను.

తెలుగువారికి ఇది చిన్న త్యాగము కాదు. మన భోజనమున ద్రవమే సగము. పప్పు తరువాత పులుసు, పులుసు తరువాత చారు, చివరకు మజ్జిగ. ప్రతి వాయియు జారుగా కలుపుకొని మ్రింగుట మనకు రుచి. శస్త్రచికిత్స తరువాత చారు పానమగును, అన్నము వేరు భోజనమగును. పెండ్లిపంక్తిలో ఆకు ప్రక్కనున్న గ్లాసును ముట్టని అతిథిని చూచినవారు అతడు అలిగినాడని భావింపరాదు.

మొదటి రెండు వారములు సామాన్యముగా ద్రవములే ఆహారము. అందులకు మన వంటింటిలో కావలసినన్ని కలవు. పోపు వేయని, వడగట్టిన పలుచని మజ్జిగ, పప్పు ఉడికిన నీటిని తేర్చిన కట్టు, బార్లీ నీరు, కొబ్బరినీరు. గాయము మానుటకు, కండ నిలుచుటకు మాంసకృత్తులు దినమునకు 60 గ్రాములకు తక్కువ కాకుండ కావలెను గనుక, వైద్యుడు చెప్పిన పొడిని పాలలో గాని నీటిలో గాని కలిపి ఇత్తురు. రాగిజావ వంటి చిక్కని పదార్థములు తరువాతి మెట్టు.

కూడనివి కూడ మన వీధులలోనే కలవు. గోలీసోడాలోని గాలి ఇరుకు గొట్టములో వ్యాపించి నొప్పి కలిగించును. చెరకురసము, షర్బతు, పంచదార దండిగా వేసిన ఇరానీ చాయ్ బైపాస్ చేయించుకొన్నవారికి మరియొక విధముగ హాని చేయును. వారి పొట్టనుండి ప్రేగునకు కావలి వాకిలి లేదు. తీపి ఒక్కమారుగా ప్రేగులో పడినచో గుండె దడదడలాడును, చెమటలు పట్టును, తల తిరుగును, విరేచనము లగును. ప్రేగు నీటిని తనలోనికి లాగుకొనుటచేత దాహము తీర్చవలసిన పానీయమే దేహమును ఎండగట్టును.

పనివేళ, దాహవేళ

ఇంతవరకు చెప్పినది ఇంట విశ్రాంతిగా నున్నవానికి సులభమే. కొద్ది వారములకు సెలవు ముగియును. ఉద్యోగి మరల గచ్చిబౌలి దారి పట్టును. బండ్ల రద్దీలో గంట గడచును. భవనములోని చల్లని గాలిలో చెమట పట్టదు, దాహము తెలియదు; తెలియకున్నను ఊపిరి వెంట, చర్మము వెంట నీరు పోవుచునే యుండును. ఒక సమావేశము ముగియక ముందే మరియొకటి మొదలగును. మాటలాడునప్పుడు నడుమ ఆగి చప్పరించుట మర్యాద కాదేమో యని అతడు సందేహించును. అమెరికాలో తెల్లవారు వేళకు ఇక్కడ చీకటి పడును. అప్పటికి అతని పని రెండవ అంకము ఆరంభమగును. సాయంత్రము సీసా చూచుకొన్నచో సగమైనను తరుగలేదు. లోటు భర్తీ చేయుటకై ఒక్కమారుగా ఎత్తి త్రాగబోవును, పొట్ట తిప్పికొట్టును.

దాహపు అప్పును వాయిదాలలోనే తీర్చవలెను. ఏకమొత్తముగా చెల్లింపబోయినచో ఈ ఋణదాత పుచ్చుకొనడు. అందుచేత అనుభవము గలవారు ఉదయమే సీసామీద గంటల గీతలు గీచుకొందురు; చేతిఫోనులో గడియకొకసారి మ్రోగు గంట పెట్టుకొందురు; సీసాను సంచిలో గాక కంటి యెదుట ఉంచుకొందురు. ఆ భవనములలో ఇంతటి సూక్ష్మమైన యంత్రములను నడుపువారికి ఇది చిన్న ఏర్పాటే. కష్టమైనది, చప్పరించుచు మాటలాడుటకు సిగ్గుపడకుండుట. తోటివారు ఆ సిగ్గును పోగొట్టగలరు. సమావేశమున అధికారి తానే ఒక నిమిషము ఆగి నీరు త్రాగినచో, గదిలోని ప్రతివానికిని అనుమతి దొరకినట్లే.

ఇంటిలో చిక్కు మరియొక రూపమున వచ్చును. ‘ఇంకొంచెము పుచ్చుకో నాయనా, చిక్కిపోయినావు’ అని తల్లి మజ్జిగ గ్లాసు నింపును. నింపిన గ్లాసును వద్దనుట కొడుకునకు కష్టము. గ్లాసు చిన్నది చేయుట ఉభయులకు క్షేమము. కాఫీగ్లాసులో సగము పోసి, గంటకు మరల వచ్చి అడుగు తల్లియే అప్పుడు నిజముగా పెట్టిపోయునది.

నీరు నిలువనినాడు

ఈ పాఠములను తేలికగా తీసికొనరాదు. శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరినవారు మొదటి వారములలో మరల ఆసుపత్రికి రావలసివచ్చు కారణములలో వాంతులు, దేహములో నీరు తరుగుట ముఖ్యమైనవి. మూత్రము ముదురు పసుపుగా మారుట, నాలుక పిడచకట్టుట, లేచి నిలుచునప్పుడు కన్నులు చీకట్లు క్రమ్ముట, తలనొప్పి దాని గురుతులు. దినమెల్ల నీటిచుక్క నిలువకున్నను, గుండె వేగము, జ్వరము, కడుపునొప్పి కలిగినను తెల్లవారనిమ్మని ఆగరాదు. వెంటనే శస్త్రచికిత్స చేసిన వైద్యునికి తెలుపవలెను. బైపాస్ అయినవారికి చాలినంత నీరు త్రాగకున్నచో మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడు భయమును తరువాతి సంవత్సరములలో ఉండును.

వాంతులలో దాగిన మరియొక ప్రమాదము తెలుగుదేశమునకు పాత పరిచయము. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున ఉత్తర సర్కారు జిల్లాలలో, మరపట్టిన తెల్లబియ్యము తినువారిలో, బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. బియ్యపు పై పొరతో పోవు విటమిను బి1, అనగా థయమిన్, లోపించుటయే దానికి కారణము. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక గదిలో నెలకొల్పిన శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థయై యున్నది.

దేహములో బి1 నిలువ కొద్ది వారములకు మించి యుండదు. వారముల తరబడి వాంతులు చేసికొనువానికి, తినుటకు వీలులేనివానికి అది అడుగంటును. చూపు రెండుగా కనబడుట, నడక తడబడుట, మనసు తికమకపడుట అప్పుడు పుట్టు లక్షణములు. కార్ల్ వెర్నికె 1881లో వర్ణించిన మెదడు వ్యాధి యది. ఆ స్థితిలో బి1 ఈయకుండ గ్లూకోజు ఎక్కించినచో, గ్లూకోజును వినియోగించుటకు ఉన్న కొద్దిపాటి బి1 కూడ ఖర్చై, వ్యాధి ముదురును. నీరసించినవానిని దగ్గరనున్న ఏదో వైద్యశాలకు తీసికొనిపోయి ‘ఒక గ్లూకోజు సీసా ఎక్కింపుడు’ అనుట మనలో వాడుక. అట్టి సమయమున రోగి గాని, వెంటవచ్చినవారు గాని పొట్టకు శస్త్రచికిత్స జరిగినదను మాటను మొదట చెప్పవలెను. ఆ ఒక్క మాట ఒక మెదడును కాపాడగలదు.

మరియొక పానము

త్రాగుట అను మాటకు లోకములో ఇంకొక అర్థమును కలదు. వారాంతమున ఈ ప్రాంతపు దీపములు ఎచ్చట ఎక్కువగా వెలుగునో ఎల్లరు నెరుగుదురు. శస్త్రచికిత్స తరువాత మద్యము పూర్వపు మద్యము కాదు. ముఖ్యముగా బైపాస్ అయినవారిలో అది పొట్టలో ఆగక ప్రేగునకు దిగి శీఘ్రముగా రక్తములో కలియును. కొద్దిపాటి మోతాదుకే మత్తు హెచ్చుగా ఎక్కును. అమెరికాలో పెక్కుమంది రోగులను పరిశీలించి 2012లో ప్రకటించిన ఒక అధ్యయనములో, మద్యముచేత చిక్కులపాలగువారి సంఖ్య చికిత్సకు ముందటి సంవత్సరమున నూటికి 7.6 ఉండగా, చికిత్స పిదప రెండవ సంవత్సరమున 9.6కు పెరిగినది. మొదటి సంవత్సరమున పెరుగుదల కానరాలేదు. జాగ్రత్త సడలిన తరువాతనే అపాయము వచ్చునని దీని తాత్పర్యము. కాలేయమునకు క్రొవ్వు పట్టి చికిత్సకు వచ్చినవాడు ఆ కాలేయముమీదనే మద్యమును పోయుట పొలమునకు కంచె కట్టి వాకిలి తెరచి విడుచుటవంటిది.

నిదానమే ప్రధానము

ఈ కష్టము కలకాలము నిలుచునది కాదు. వాపు తీయగనే దారి కొంత వదులగును. నెలలు గడచినకొలది గుటక పెద్దదగును. పలువురు ఏడాది తిరుగునప్పటికి నీటినిగూర్చి ఆలోచింపకయే త్రాగగలుగుదురు. భోజనమునకు నీటికి ఎడము, తీపి పానీయములయెడ, సోడాలయెడ జాగ్రత్త, విటమినుల సేవ మాత్రము జీవితకాల నియమములు. అప్పటికి మెల్లగా త్రాగుట వ్రతముగా గాక స్వభావముగా మారియుండును.

2019లో కేరళ పాఠశాలలలో ‘నీటి గంట’ అను ఏర్పాటు మొదలైనది. పాఠము నడుమ గంట కొట్టగానే పిల్లలందరును సీసాలు తీసి నీరు త్రాగుదురు. తరువాత అది తెలుగు పాఠశాలలకును వచ్చినది. పిల్లలకు దాహము లేక కాదు, ఆటలో, పాఠములో, సిగ్గులో దాహము మరచిపోవుదురు గనుక ఆ గంట అవసరమైనది. గొంతు ఎండువరకు పాఠము చెప్పి, గంట మ్రోగిన తరువాతగాని నీటిని తలచని ఉపాధ్యాయులకును అది అంతే అవసరము.

సైబరాబాదు భవనములలో అట్టి గంట లేదు. శస్త్రచికిత్స చేయించుకొన్న ఉద్యోగి తన గంటను తానే కొట్టుకొనుచున్నాడు. నిదానమే ప్రధానమను సామెతను అతడు పుస్తకమునుండి గాక ప్రతి గుటకనుండియు నేర్చుకొనుచున్నాడు. కదలక కూర్చుండి తొందరగా పనిచేయుట యను వింత జీవితము పెంచిన బరువును కత్తి తీసివేయగలదు; తొందరను తీసివేయజాలదు. అది మనుష్యులు చేయవలసిన పని. సమావేశము నడుమ ఒకడు సీసా మూత తీసి ఉద్ధరిణెడు నీరు చప్పరించుచున్నప్పుడు, ఎదుటివారు మాట ఆపి ఒక్క క్షణము ఓపిక పట్టినచో, ఆ చికిత్సలో వారికిని పాలు దక్కును.